పాలమూరు రాళ్లలో లేనిది, మంగంపేటలో దొరికినది

పాలమూరు ప్రాంతంలో నారాయణపేట దగ్గర మద్దూరు, కోటకొండ ఊళ్ల చుట్టూ కింబర్లైట్ రాళ్లున్నాయి. సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట భూగర్భం నుంచి ఎగదన్నుకొచ్చిన శిలాద్రవం గడ్డకట్టి అవి ఏర్పడ్డాయి. నల్లగొండ జిల్లా రామడుగు దగ్గరి లాంప్రోయిట్లు కూడా ఆ కోవవే. అనంతపురం వైపు వజ్రకరూరులో ఇలాంటి రాళ్లలో వజ్రాలు దొరికాయి. మద్దూరు వైపు మాత్రం చెప్పుకోదగ్గవి బయటపడలేదు.

వజ్రం పుట్టడానికి దాదాపు 150 కిలోమీటర్ల లోతు, వాతావరణ పీడనానికి యాభై వేల రెట్ల ఒత్తిడి కావాలి. అక్కడ ఒక్కో కార్బన్ పరమాణువు మరో నాలుగింటిని పట్టుకుంటుంది. నేల మీద కార్బన్‌కు స్థిరమైన రూపం గ్రాఫైట్. వజ్రం మిగలాలంటే శిలాద్రవం దాన్ని కొన్ని గంటల్లోనో రోజుల్లోనో పైకి తేవాలి. ఆలస్యమైతే అది దారిలోనే గ్రాఫైట్‌గా మారవచ్చు, ద్రవంలో కరిగిపోనూ వచ్చు. అందుకే కింబర్లైట్ కనబడిన చోటల్లా వజ్రం ఉండదు.

పాలమూరు, నల్లగొండ చెల్కల్లో పండే ఆముదంతో దీపం పెట్టి పట్టే కాటుకా కార్బనే. గాలి చాలని మంటలో ఆరు మూలల వలయాలు పొరలుగా అల్లుకుంటాయి, కానీ ఆ అల్లిక సగంలోనే ఆగిపోతుంది. అంచుల్లోని పరమాణువులకు జత దొరకదు.

అంచే లేకుండా పొర తనలో తాను మూసుకుంటే? 1985లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో క్రోటో, కర్ల్, స్మాలీ బృందం గ్రాఫైట్‌ను లేజర్‌తో ఆవిరి చేసి హీలియంలో చల్లార్చినప్పుడు అరవై పరమాణువుల గుంపు ప్రత్యేకంగా కనబడింది. ఆరు మూలల వలయాలు మాత్రమే ఉంటే పొర చదునుగానే ఉంటుంది. ఐదు మూలలవి సరిగ్గా పన్నెండు చేరితేనే గుండ్రంగా మూసుకుంటుంది. ఇలా మూసుకున్న కార్బన్ అణువే ఫుల్లరీన్. అరవై పరమాణువుల ఫుల్లరీన్‌లో ఆ పన్నెండుకు తోడు ఇరవై షడ్భుజులుంటాయి, అచ్చం ఫుట్‌బాల్ కుట్లలాగే. ముగ్గురికీ 1996లో నోబెల్ వచ్చింది. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మాత్రం 1990 నాటి ప్రయోగం. క్రెట్ష్‌మర్, హఫ్‌మన్ బృందం విద్యుత్ ఆర్క్‌తో చేసిన మసిని బెంజీన్‌లో కలిపితే ఎర్రని ద్రావణం వచ్చింది. వజ్రమూ గ్రాఫైటూ బెంజీన్‌లో కరగవు. మసిలోని ఫుల్లరీన్ మాత్రం కరిగింది!

ఫుల్లరీన్ రాళ్లలోనూ ఉంటుంది. రష్యాలోని కరేలియాలో దొరికే షుంగైట్ అనే రాయిలో ఉందని 1992లో తెలిసింది. కడప ప్రాంతంలోని మంగంపేట, ముగ్గురాయి గనుల ఊరు. అక్కడి షుంగైట్ తరహా రాళ్లలోనూ ఉందని 2007లో ఒక పరిశోధక బృందం ప్రకటించింది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో అప్పట్లో పనిచేసిన జి. పార్థసారథి అందులో ఒకరు.

రాళ్లలో ఫుల్లరీన్ ఉందో లేదో చూసే పరీక్షలో ఒక చిక్కుంది. రాతిపొడి మీద నేరుగా లేజర్ కొడితే, అందులోని మామూలు కార్బనే ఆవిరై అక్కడికక్కడ ఫుల్లరీన్‌గా మారవచ్చు. కాబట్టి ముందు టొల్యూన్ లాంటి ద్రావణితో ఫుల్లరీన్‌ను రాతి నుంచి లాగి, ఆ తర్వాత అణువు బరువు తూచాలి. కార్బన్ పరమాణువు బరువు 12. అరవై కలిస్తే 720. బరువుల గ్రాఫులో ఆ అంకె దగ్గర గీత లేచిందా లేదా అన్నదే చూస్తారు.