సైనికుని ఇల్లాలికి మనోధైర్యమే మందు
కాన్పు వేళ కుటుంబం అండ తప్పనిసరి

తాడేపల్లిగూడెం: రెండు ప్రపంచ యుద్ధాలకూ సైనికులను పంపిన గ్రామం మాధవరం. పశ్చిమ గోదావరి జిల్లాలోని ఈ ఊరిని మిలిటరీ మాధవరమనే పిలుస్తారు. ఇలాంటి ఊళ్లలో భర్త సరిహద్దులో ఉండగానే సీమంతం, కాన్పు, బారసాల జరిగిపోవడం కొత్త కాదు. సైనికునికి ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల సాధారణ సెలవు ఉన్నా, విధుల అవసరాన్ని బట్టే అవి మంజూరవుతాయి. కాన్పు మాత్రం సెలవు కోసం ఆగదు.

బయటపడని దిగులు
ఫోను రెండు రోజులు మోగకపోతే గర్భిణికి నిద్ర కరవవుతుంది. దూరాన ఉన్నవాడిని కలత పెట్టకూడదని తన బాధ భర్తకు చెప్పదు. సైనికుని భార్య ధైర్యంగా ఉండాలన్న మాట విని విని పుట్టింట్లోనూ నోరు విప్పదు. వర్ధమాన దేశాల్లో గర్భిణుల్లో 15.6 శాతం, బాలింతల్లో 19.8 శాతం మంది మానసిక రుగ్మతలకు, ముఖ్యంగా కుంగుబాటుకు లోనవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొంటోంది.

గుర్తించడం ఇలా
కాన్పయిన తొలి రోజుల్లో కారణం లేకుండా ఏడుపు రావడం సహజం. సాధారణంగా రెండు వారాల్లోపే అది తగ్గిపోతుంది. అంతకు మించి దిగులు, నిద్రలేమి, ఆకలి మందగించడం, బిడ్డపై ఆసక్తి లేకపోవడం కొనసాగితే వైద్యులను సంప్రదించాలి. చనిపోవాలన్న ఆలోచనలు వచ్చినా, లేనివి కనిపిస్తున్నాయని, వినిపిస్తున్నాయని చెప్పినా జాప్యం చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దీనిని గాలి సోకిందని భావించి కాలయాపన చేస్తే తల్లీబిడ్డలిద్దరికీ ముప్పు.

ఇంటివారి బాధ్యత
ఆమెను ఒంటరిగా వదలరాదు. రాత్రివేళ బిడ్డను మరొకరు చూసుకుని, తల్లిని కొన్ని గంటలైనా నిద్రపోనివ్వాలి. యుద్ధ వార్తలు వచ్చే సమయంలో టీవీ కట్టివేయడం మేలు. భర్తతో మాట్లాడే వీలు దొరికితే కష్టం దాచవద్దని ఆమెకు చెప్పాలి. పరీక్షలకు వెళ్లినప్పుడు మనసులోని బాధను కూడా వైద్యురాలికి చెప్పాలి. మందులు వాడుతున్నవారు సొంతంగా మానరాదు.

సాయం ఎక్కడ
ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు చేస్తారు. 2022లో ప్రారంభమైన టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. సాయుధ దళాలు, వారి కుటుంబాల కోసం 2023 డిసెంబరులో పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో ఈ సేవల ప్రత్యేక విభాగం పైలట్‌గా మొదలైంది. కంటోన్మెంట్లలో ఉండేవారికి 1966లో ఏర్పడిన సైనికుల భార్యల సంక్షేమ సంఘం తోడుంటుంది. పుట్టిన ఊరికి వచ్చిన గర్భిణికి ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ కార్యకర్తలే తొలి అండ. ఇంటికి వచ్చినప్పుడు వారు బరువు, రక్తపోటుతో పాటు ‘నిద్ర పడుతోందా అమ్మా’ అని అడిగితే, దాచుకున్న దిగులు బయటికొస్తుంది.