బోలు గిటార్ ఎందుకు కూస్తుంది?

ఖాళీ బిందెను వేలితో కొట్టి చూడండి, ఖంగుమంటుంది. నీళ్లు నింపి కొడితే? టప్‌మని ఊరుకుంటుంది.

1936లో అమెరికాలో గిబ్సన్ కంపెనీ తెచ్చిన ఈఎస్-150 ఎలక్ట్రిక్ గిటార్ పొట్ట ఆ ఖాళీ బిందె లాంటిదే. తీగల కింద ఒక అయస్కాంతం, దాంతోపాటు రాగి తీగ చుట్ట ఉంటాయి. అవి తీగల కదలికను కరెంటుగా మార్చి స్పీకర్‌కి పంపుతాయి. స్పీకర్ మరీ గట్టిగా మోగితే ఆ హోరుకి బోలు పొట్ట అదురుతుంది. దాంతో తీగలు మళ్లీ కదులుతాయి, స్పీకర్ ఇంకా అరుస్తుంది. పెళ్లి పందిట్లో మైకు స్పీకర్ దగ్గరకెళితే కుయ్‌మంటుందే, అదే గోల!

ఈ కూత ఆపడానికి బ్లూస్ గిటారిస్ట్ బి.బి.కింగ్ అయితే గిటార్ పొట్ట మీది రంధ్రాల్లో గుడ్డలు కుక్కేవారట. 1958లో వచ్చిన గిబ్సన్ గిటార్ ఈఎస్-335కి నడుమ మేపుల్ చెక్క దిమ్మె పెట్టారు, పక్కలు బోలుగానే వదిలేశారు. కూత బాగా తగ్గింది. దాని మధ్యలో కొడితే నిండు బిందె, పక్కన కొడితే ఖాళీ బిందె.