బూడిదంతా సిమెంటు కాదు

మొన్న సంక్రాంతి సెలవులకు తండాకు పోతే ఇంటి ముందర రెండు సంచుల నల్లటి బూడిద కనబడింది. మా నాయన బొల్లారంలో మేస్త్రి పని చేస్తాడు. (సికింద్రాబాదు దగ్గర రాష్ట్రపతి నిలయం ఉన్న బొల్లారం వేరు. ఇది సంగారెడ్డి జిల్లాలోని ఫ్యాక్టరీల బొల్లారం.) అక్కడ ఒక ఫ్యాక్టరీ వెనుక పారబోసిన బూడిద అది.

"సిమెంటు కంపెనీలోళ్లే బూడిద కలుపుతుండ్రు. మనం స్లాబులో కలిపితే ఏమైతది? రెండు సంచుల సిమెంటు మిగులుతది గద!" అన్నాడు నాయన.

నాకు జవాబు తెలియలేదు. బడికి వచ్చినాక సైన్సు సారును అడిగి తెలుసుకున్నాను. మిత్రులారా! మన ఇండ్లల్ల కూడా స్లాబులు పడుతున్నాయి కాబట్టి మీకూ చెప్తున్నాను.

నాయన మాటలో సగం నిజం ఉంది.

సిమెంటు ఎట్ల తయారవుతుంది?

సున్నపురాయిని, బంకమన్నును కలిపి బట్టీలో సుమారు 1450 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కాలుస్తారు. అప్పుడు వచ్చే గట్టి ఉండలను క్లింకరు అంటారు. దానికి కొంచెం జిప్సం కలిపి మెత్తగా పొడి చేస్తే సిమెంటు. ఒక టన్ను క్లింకరు తయారైతే దాదాపు 800 నుంచి 900 కిలోల కార్బన్ డయాక్సైడు గాలిలో కలుస్తుంది. సగానికి పైగా ఆ సున్నపురాయిలోంచే వస్తుంది. అందుకే క్లింకరు ఎంత తగ్గిస్తే అంత మేలు.

బూడిద చేసే పని ఏమిటి?

సిమెంటులో నీళ్లు పోస్తే రెండు పదార్థాలు పుడతాయి. ఒకటి ఇసుకను, కంకరను పట్టి ఉంచే జిగురు. రెండోది సున్నం. ఈ సున్నంతో బలం పెద్దగా రాదు. మెత్తటి బూడిదలోని సిలికా ఆ సున్నంతో కలిసి మళ్లీ జిగురుగా మారుతుంది. మన పెద్దలు డంగు సున్నంలో కాల్చిన ఇటుక పొడి కలిపి గోడలు కట్టింది కూడా ఇందుకే. రోమన్లు అగ్నిపర్వతాల బూడిద కలిపేవారు. 1962లో పూర్తయిన ఉత్తరప్రదేశ్ రిహాండ్ డ్యాంలో కొంత సిమెంటుకు బదులు బొగ్గు బూడిద వాడారు.

ఏవి పనికొస్తాయి?

1. ఫ్లై యాష్: రామగుండం, పాల్వంచ లాంటి చోట్ల కరెంటు కేంద్రాల్లో బొగ్గును పిండిలాగా చేసి మండిస్తారు. పొగతో పైకి లేచే బూడిదను యంత్రాలతో పడతారు. అది గాజు లాంటి సన్నని గుండ్రటి రేణువులుగా ఉంటుంది. పి.పి.సి. సిమెంటులో ఇది 15 నుంచి 35 శాతం దాకా ఉండవచ్చు.

2. ఇనుప చిట్టెం: విశాఖ ఉక్కు లాంటి కర్మాగారాల్లో ఇనుము కరిగించినప్పుడు మిగిలేది. వేడిగా ఉన్నప్పుడే నీళ్లతో చల్లార్చి పొడి చేస్తారు.

3. ఊక బూడిద: అదుపులో ఉంచిన వేడిలో కాల్చి మెత్తగా పొడి చేస్తేనే. పొయ్యిలో కాలిన ఊక బూడిద అట్ల కాదు.

మరి నాయన తెచ్చిన బూడిద?

ఫ్యాక్టరీ బాయిలర్లలో బొగ్గును పెళ్లలుగానే మండిస్తే అది పూర్తిగా కాలదు. అందుకే బూడిద నల్లగా, గరుకుగా ఉంటుంది. కాలని బొగ్గు నీళ్లు తాగుతుంది, కాంక్రీటు బలం తగ్గిస్తుంది. ఇంకో పెద్ద భయం ఉంది. పారబోసిన కుప్పలో ఇంకా ఏమేమి కలిసిందో కంటికి కనబడదు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 43 ప్రాంతాలను తీవ్ర కాలుష్య ప్రాంతాలుగా లెక్క కట్టింది. అందులో పటాన్‌చెరు - బొల్లారం ఒకటి. రసాయన వ్యర్థాల్లోని ఉప్పులు కాంక్రీటులోకి చేరితే లోపలి ఇనుప చువ్వలు తుప్పు పడతాయి. చువ్వ ఉబ్బి స్లాబు పగులుతుంది. ఆ స్లాబు కిందనే మనం పండుకునేది!

కంపెనీ బూడిదను పరీక్ష చేసి, కొలత ప్రకారం కలుపుతుంది. మనం పారతో కలుపుతాం. తేడా అక్కడే ఉంది.

గుర్తు పెట్టుకోండి:

★ సిమెంటు సంచి మీద చదవండి. పి.పి.సి. అని ఉంటే బూడిద ముందే కలిసి ఉంది. మళ్లీ కలపొద్దు.

★ బూడిద కలిసిన సిమెంటుకు బలం నిదానంగా వస్తుంది. ఎండల్లో 14 రోజులు తడపాలి. వారానికే ఆపేస్తే నష్టం మనకే.

★ ఏ ఫ్యాక్టరీ కుప్ప నుంచి వచ్చిందో తెలియని బూడిదను ఇంట్లో, బావి దగ్గర, చేనులో పోయొద్దు.

ఇదంతా ఉత్తరం రాసి నాయనకు పంపిన. పోయిన ఆదివారం చూడటానికి వచ్చినప్పుడు చెప్పిండు: సంచుల మూతి కట్టి వాపసు తీసుకపోయిండట. పి.పి.సి. సిమెంటుతోనే స్లాబు పోసిండట. "పద్నాలుగు రోజులు నీళ్లు కొట్టుడు మీ అమ్మ వంతు" అని నవ్విండు.

ఈసారి సెలవులకు పోతే ఆ వంతు నాది.

— పదో తరగతి విద్యార్థి