భైంసా మిల్లు గదుల్లో మందుల లెక్క

1956 అక్టోబరు దాకా భైంసా నాందేడ్ జిల్లా ఊరు. ఆ ఏడు నవంబరు 1న జరిగిన రాష్ట్రాల పునర్విభజనలో ముధోల్, భైంసా, కుభీర్ సర్కిళ్లను నాందేడ్ నుంచి తీసి ఆదిలాబాద్‌లో కలిపారు. ఆదిలాబాద్‌లో ఉన్న కిన్వట్, రాజురా తాలూకాలు అటు, ఇప్పటి మహారాష్ట్ర వైపు, పోయాయి. 2014లో రాష్ట్రం పేరు మారింది, 2016లో జిల్లా పేరు నిర్మల్ అయింది. ఇన్ని మారినా వియ్యాలు మారలేదు. ఇక్కడి ఆడపిల్ల అటు పోతుంది, అటు పిల్ల ఇటు కోడలిగా వస్తుంది. పెద్ద జబ్బు చేస్తే ఒక ఇంటివాళ్లు నిజామాబాద్ బస్సెక్కుతారు, పక్కింటివాళ్లు భోకర్ మీదుగా నాందేడ్ పోతారు. నిర్మల్ నుంచి వచ్చే 61వ నంబరు జాతీయ రహదారి భైంసాను దాటి పర్భణీ, అహిల్యానగర్ (పాత అహ్మద్‌నగర్)ల మీదుగా ముంబయి వైపు సాగిపోతుంది. బజారులో నిలబడితే తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడూ ఒకే బేరంలో వినిపిస్తాయి.

భైంసా అంటే పత్తి. దసరా దాటిందంటే మార్కెట్ యార్డుకు బండ్లు కట్టడం మొదలవుతుంది, జిన్నింగు మిల్లుల్లో దుమ్ము లేస్తుంది. మిల్లులో గింజను వేరు చేసి, దూదిని యంత్రంతో అదిమి బేళ్లు కడతారు. ఒక్కో బేలు దాదాపు 170 కిలోలు. ఆ పనికి ఊళ్లోవాళ్లు చాలరు. మహారాష్ట్ర పల్లెల నుంచి, బిహార్ లాంటి దూరపు రాష్ట్రాల నుంచి మేస్త్రీల వెంట కూలీలు దిగుతారు. మిల్లు ఆవరణలోనే వరసగా కట్టిన గదుల్లో ఉంటారు. ఎండాకాలం ముదిరేసరికి గదులు ఖాళీ. ఇటుక బట్టీలకు పోయేవాళ్లు పోతారు, సొంతూరికి పోయేవాళ్లు పోతారు.

పత్తి దుమ్ము ఊపిరితిత్తులకు చేసే చెరుపు కొత్త విషయం కాదు. నూలు మిల్లుల ఊళ్లలో దాన్ని ఎప్పుడో గుర్తించారు. వారాంతపు సెలవు తరవాత పనిలోకి దిగిన రోజే ఛాతీ బిగుసుకుపోతుంది గనక దానికి సోమవారం జ్వరమనే పేరు పడింది. జిన్నింగులో ఆ జబ్బు నూలు మిల్లుల్లో కనిపించినంతగా కనిపించదంటారు. కానీ దగ్గు దగ్గే. ఆ దగ్గు దుమ్ముదా, క్షయదా తేల్చాలంటే కళ్లె పరీక్ష చేయించాలి. పరీక్షకు పొద్దుటిపూట దవాఖానకు పోవాలి, పోతే ఆ పూట కూలి పోతుంది. అందుకే చీకటి పడ్డాక తెరిచి ఉండే ఆరెంపీ దగ్గర ఒక సూది, నాలుగు గోలీలతో సరిపెట్టుకుంటారు. భైంసాలో ఏరియా ఆసుపత్రి ఉంది, డాక్టర్లున్నారు, మందులు ఉచితం. మిల్లు గది నుంచి దాని గేటు దాకా ఉన్న దూరాన్ని కిలోమీటర్లలో కొలిస్తే ఏమీ అర్థం కాదు.

క్షయ అని తేలిందనుకుందాం. మందులు కనీసం ఆరు నెలలు వాడాలి: మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, తరవాత నాలుగు నెలలు మూడు రకాలు. పత్తి సీజనేమో నాలుగైదు నెలల ముచ్చట. నవంబరులో వచ్చిన మనిషికి జనవరిలో జబ్బు బయటపడితే మార్చిలో అతను రైల్లో ఉంటాడు. మందు సగంలో ఆపితే జబ్బు మొండికేస్తుంది, పక్కవాళ్లకూ అంటుతుంది. ప్రభుత్వం దీనికి ఒక దారి పెట్టింది. ని-క్షయ్ అనే కంప్యూటర్ రిజిస్టరులో ప్రతి రోగికీ ఒక నంబరు ఉంటుంది, దాన్ని ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మార్చవచ్చు. తిండి ఖర్చుకు నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. దారి మంచిదే. కానీ నంబరు మారాలంటే మనిషి వెళ్లేముందు ఎవరికైనా చెప్పాలి కదా. గది ఖాళీ చేసేది రాత్రికి రాత్రి.

ఆ సంగతి ముందే పసిగట్టేది ఆశా కార్యకర్త. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో పుట్టిన పని ఇది. పల్లెల్లో వెయ్యి మందికి ఒకరు చొప్పున అదే ఊరి ఆడమనిషిని తీసుకుని, కొంత శిక్షణ ఇచ్చి, చేతికి రిజిస్టరు ఇచ్చారు. భైంసా లాంటి చోట ఆమెకు శిక్షణలో నేర్పనిది ఒకటుంది. ఒక గల్లీలో ఆమె అక్క, ఇంకో గల్లీలో తాయి, మరో గల్లీలో ఆపా. మాట కలిస్తేనే నెల తప్పిన సంగతి బయటికొస్తుంది, లేకపోతే ఐదో నెల దాకా తెలియదు. 2020 జనవరిలోనూ 2021 మార్చిలోనూ మతాల మధ్య గొడవలై ఆంక్షలు పెట్టిన ఊరిది. బయటి పేపర్లలో భైంసా పేరు కనిపించేదే అట్లాంటప్పుడు. పేపర్లు రాయని ముచ్చట ఏమంటే, అన్ని గల్లీల్లోనూ తలుపు కొట్టే పని ఆశలకు, ఏఎన్ఎంలకు తప్పదు.

పల్స్ పోలియో రోజుల్లో వాళ్ల చేతిలోని సుద్దముక్కను గమనించండి. పిల్లలందరికీ చుక్కలు పడిన ఇంటి గోడ మీద పీ అని, ఎవరైనా మిగిలినా తాళం వేసి ఉన్నా ఎక్స్ అని రాస్తారు. పక్కన తేదీ, జట్టు నంబరు. చుక్కలు పడిన పిల్లల ఎడమచేతి చిటికెన వేలి గోటికి సిరా. ఎక్స్ పడిన ఇంటికి మళ్లీ పోవాలి. మిల్లు గదులు, ఇటుక బట్టీలు, గుడారాలు, కట్టుబడి స్థలాలు ఇట్లాంటివన్నీ వలస కుటుంబాల జాగాలని విడిగా జాబితా రాయించింది కూడా పోలియో కార్యక్రమమే. 2011 జనవరి తరవాత దేశంలో సహజ పోలియో వైరస్ కేసు కనిపించకపోవడానికి ఆ జాబితాల పాత్ర చిన్నది కాదు. ఇంటి నంబరు లేనివాళ్లను లెక్కలోకి తెచ్చిన అరుదైన సర్కారు పని అది. అదే పద్ధతి బీపీకి, షుగరుకు, కాన్పుకు ఎందుకు రాలేదన్నది నా ప్రశ్న.

కాన్పు దగ్గరే సరిహద్దు బాగా గుచ్చుకుంటుంది. తొలి కాన్పు పుట్టింట్లో. ఇది గీతకు ఇటూ అటూ ఉన్న ఆచారం. నాందేడ్ జిల్లాలో కాపురం చేస్తున్న భైంసా ఆడబిడ్డ ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో తల్లి దగ్గరికి వస్తుంది. అప్పటిదాకా చూపించుకున్న కార్డు మరాఠీలో ఉంటుంది, ఆధార్‌లో మహారాష్ట్ర అడ్రసు. 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్ పథకంలో సర్కారు దవాఖానలో కాన్పయితే మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 రూపాయలు విడతలుగా ఇస్తామన్నారు, తెలంగాణ వాళ్లకే. పుట్టింది ఇక్కడే అయినా పెళ్లితో అడ్రసు మారిన పిల్లకు కాన్పు చేసేవారు, డబ్బు వచ్చేది కాదు. ఇటు పిల్ల అటు పోయినా చిక్కే, అక్కడి పథకం అక్కడివాళ్లది. ధర్మాబాద్ తాలూకా పల్లెలు మమ్మల్ని తెలంగాణలో కలపండని 2018లో గొంతెత్తినప్పుడు అదో వింతలా రాశారు గానీ, గీతకు ఇవతల ఏమిస్తున్నారో రోజూ చూసేవాళ్లు అడగక ఏం చేస్తారు! ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలైంది. అదీ ఇక్కడి కార్డున్నవాళ్లకే. ఆయుష్మాన్ భారత్ కార్డు ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతుందంటారు. చెల్లుతుందని మిల్లు గదిలో ఉన్నవాడికి ఎవరు చెప్పాలి, ఏ భాషలో?

అమెరికాలో ఇదే చిక్కు స్పానిష్ మాట్లాడే వలసజీవులది. అక్కడి నైరుతి రాష్ట్రాల్లో పెద్ద భాగం 1848 దాకా మెక్సికోదే. ఇప్పుడు పంట వెంట పంటగా తిరిగే కూలీల్లో ఎక్కువమంది ఆ గీతకు అవతలి నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల వైద్యం కోసం 1962లో అధ్యక్షుడు కెనడీ సంతకంతో ఒక చట్టం వచ్చింది. అయినా వాళ్లను క్లినిక్ మెట్టెక్కించింది చట్టం ఒక్కటే కాదు, ప్రొమోతోరాలనే ఆడవాళ్లు కూడా. అదే వాడలో ఉంటూ, అదే భాష మాట్లాడుతూ, షుగరు గురించీ కాన్పు గురించీ వంటింట్లో కూర్చుని చెప్పేవాళ్లు. కాగితాలు లేనివాళ్లు అక్కడ దవాఖానకు పోవడానికి జంకేది పట్టుబడి దేశం దాటిస్తారని. భైంసా మిల్లులో ఉన్నవాడు ఈ దేశపు పౌరుడే. అతనికి ఆ భయం లేదు, అయినా లెక్కలో లేడు. నాకు ఇదే ఎక్కువ సిగ్గుచేటుగా తోస్తుంది.

ఆశలాంటి మనిషితో ఏమవుతుందో మన పొరుగునే రుజువైంది. గడ్చిరోలీలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు పల్లె ఆడవాళ్లకే పసికందుల సంరక్షణ నేర్పించారు. నవజాత శిశువుల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. అప్పటి అహ్మద్‌నగర్ జిల్లా జామ్‌ఖేడ్‌లో ఆరోలే దంపతులు 1970ల్లోనే చదువురాని ఆడవాళ్లతో ఈ దారి తొక్కారు.

ఇంకో సంగతి మరవకూడదు. కూలీలను రప్పించుకునే ఈ ప్రాంతమే గల్ఫ్‌కు కూలీలను పంపుతుంది. బయల్దేరేముందు మెడికల్‌లో ఎక్స్‌రే తీస్తారు. ఎప్పుడో నయమైన క్షయ మచ్చ కనిపించినా అన్‌ఫిట్ ముద్ర. అప్పు చేసి ఏజెంటుకు కట్టిన మనిషి ఆ మాట భార్యకు కూడా చెప్పడు. అక్కడికి చేరినవాడికి ఎండ శత్రువు. ఖతార్‌లో నేపాలీ కూలీల గుండె మరణాలకూ వేడికీ సంబంధముందని 2019లో ఒక అధ్యయనం చూపింది. ఖతార్ 2021లో ఎండాకాలపు మధ్యాహ్న విరామాన్ని పొద్దున పది నుంచి మూడున్నర దాకా పెంచింది. ఆ వేడిలో పనిచేసి తిరిగొచ్చిన మనిషి కిడ్నీ ఎట్లా ఉందో అడిగే గడి ఆశ రిజిస్టరులో ఉంటే బాగుండు. అదే ఇళ్లలో బీడీలు చుట్టే ఆడవాళ్ల మెడనొప్పి, పొగాకు దగ్గు కూడా ఏ గడిలో పడాలో తెలియని జబ్బులే.

2022 మే 22న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశపు ఆశలందరికీ కలిపి అవార్డు ఇచ్చింది. ఆశ మాత్రం కాగితం మీద ఇప్పటికీ వాలంటీరే. ఆమెకు అందేది జీతం కాదు, ప్రోత్సాహకం. తెలంగాణలో 2023 నాటికి అది నెలకు 9,750 రూపాయలు. 18,000 స్థిర వేతనం కావాలని 2023లో సమ్మె చేశారు. సమ్మె శిబిరాల్లో కూర్చున్నవాళ్లలో, మార్చిలో ఏ గది ఖాళీ అవుతుందో, అందులో ఎవరి మందు ఎన్ని వారాలు మిగిలిందో తెలిసినవాళ్లున్నారు.