వృద్ధుల చేతిలో పాత కారు

ఎద్దు ముసలిదైన సంగతి కాడి కట్టినంతనే రైతునకు తెలియును. అది అడుగు తగ్గించును, రొప్పును, నిలిచిపోవును. కారు అట్లు తెలుపదు. నిన్నటికంటె నేడు తరిగినది వెంట్రుకవాసి మాత్రమే యగుటచే, ప్రతిదినము నడుపువారికే ఆ మార్పు కానరాదు.

మారుతి 800 కారు మన దేశమున 1983లో బయలుదేరి 2014లో నిలిచిపోయినది. అంబాసిడరు తయారీయు 2014లోనే ఆగినది. కనుక వానిలో కడపటి బండ్లకు సైతము పదేండ్లు దాటినవి. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడగా, ఊరిలో మిగిలిన తలిదండ్రులు బ్యాంకునకు, ఆసుపత్రికి, పెండ్లిండ్లకు ఇట్టి పాత బండిలోనే పోవుట మనమెరిగినదే. ఒకరి నడుగక తమ పని తాము చేసికొనుట వృద్ధులకు గౌరవమును, ధైర్యమును ఇచ్చును. కాని బండికిని, నడుపువారికిని వార్ధక్యము ఒక్కమారే వచ్చుచున్నది. ఒకదాని లోపము రెండవదాని లోపముచే మరుగుపడుటయే ఇందలి అపాయము.

ఒక ఉదాహరణము వినుడు. పెక్కు కార్లలో ముందు చక్రముల బ్రేకుదిమ్మలకు చిన్న ఉక్కురేకు అమర్చబడియుండును. దిమ్మ అరిగినప్పుడు ఆ రేకు చక్రముతో తిరుగు పళ్ళెమును తాకి కీచుమని అరచును. అది బండి చేయు హెచ్చరిక. కాని వయసు మీరిన చెవికి మొట్టమొదట వినరాకపోవునవి ఇట్టి సన్నని కీచుధ్వనులే. బండి అరచుచునే యుండును, యజమానికి వినబడదు. కావున ఆరునెలలకొకసారి చక్రము విప్పించి దిమ్మల మందమును కంటితో చూడవలెను.

బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొను గుణము కలది. ఎక్కువసేపు బ్రేకు వేసినచో వేడికి ఆ తేమ ఆవిరియగును. ఆవిరి నొక్కుడుపడును గనుక పాదము క్రిందికి దిగిపోవును గాని బండి ఆగదు. ఈ నూనెను సాధారణముగా రెండేండ్లకొకసారి మార్పింపవలెను. ఇంటివద్దనే ఒక పరీక్ష చేయవచ్చును. నిలిచియున్న బండిలో బ్రేకును గట్టిగా అదిమిపట్టుడు. పాదము మెల్లమెల్లగా క్రిందికి జారినచో ఎచ్చటనో నూనె విడుచుచున్నదన్నమాట. వెనుకటికంటె ఎక్కువ బలముతో తొక్కవలసివచ్చినచో, అది కాలి బలహీనత యని సరిపెట్టుకొనక మెకానిక్కునకు చూపుడు.

తక్కువగా తిరుగు బండి చెడదనుకొనుట పొరపాటు. టైరుగాడి లోతుగా నున్నను రబ్బరు గట్టిపడి బీటలు వారును. టైరు ప్రక్కన నాలుగంకెలుండును. 2314 అని యున్నచో అది 2014వ సంవత్సరము 23వ వారమున తయారైనదని యర్థము. పదేండ్లు దాటిన టైరును, గాడి యెట్లున్నను, తీసివేయవలెను. నెలకొకసారి టైరు చల్లగా నున్నప్పుడే గాలి చూపింపుడు. ఊరిలోనే రెండు ఫర్లాంగులు పోయివచ్చు బండిలో ఇంజను చక్కగా వేడెక్కదు. పెట్రోలు మండగా పుట్టిన నీటియావిరి ఇంజను నూనెలో నిలిచిపోవును, బ్యాటరీయు నిండదు. వారమున కొకసారి అరగంటసేపు రోడ్డుమీద నడుపుడు. తిరిగిన దూరము తక్కువయైనను ఏడాది కొకసారి నూనె మార్పింపుడు. కొట్టములో నుంచిన బండి తీగలను ఎలుకలు కొరుకుచుండును గనుక, ముందరి మూత యెత్తి చూచుట అలవాటు చేసికొనుడు. రేడియేటరు మూతను మాత్రము వేడిగా నున్నప్పుడు విప్పరాదు. మరుగునీరు ముఖముపై చిమ్మును.

దీపములపై నుండు ప్లాస్టికు మూతలు ఎండకు మసకబారును. వృద్ధుల కంటికి పడుచువారికంటె ఎక్కువ వెలుతురు కావలెను. అట్టిచోట మసకదీపము రెండింతల నష్టము. మూతలను మెరుగుపెట్టింపుడు, లేదా మార్పింపుడు. కంట శుక్లమున్నవారు చికిత్సయైనదాక రాత్రి ప్రయాణము మానవలెను.

చట్టమును ఇదియే తలచినది. సొంత కారు నమోదు 15 ఏండ్లు చెల్లును. పిమ్మట బండిని తనిఖీ చేయించి అయిదేండ్లకు పొడిగింపవలెను. 55 ఏండ్లు దాటినవారి లైసెన్సును అయిదేండ్లకొకసారి మార్చుకొనవలెను. దానికి వైద్యుని పత్రము కావలెను. సంతకము పెట్టించుకొని వచ్చుటతో సరిపుచ్చక, ఆనాడు కన్నును, చెవిని, బండిని నిజముగా పరీక్షింపించుకొన్నచో మేలు కలుగును.

పెద్దలారా, పండుగకు వచ్చిన కుమారునకో అల్లునకో తాళపుచెవి యిచ్చి, మీరు ప్రక్కన కూర్చుండుడు. వేరొక బండికి అలవడిన చేతికి ఇందలి లోపము తొలి మైలులోనే తెలియును. అతడు చెప్పినదానిని పుస్తకమున వ్రాసియుంచుడు. పిమ్మట మీరు నడుపుడు, అతనిని చూడనిండు. కుమారులారా, తాళములు దాచిపెట్టి తండ్రిని చిన్నబుచ్చకుడు. బండి లోపమైనచో బాగుచేయింపుడు. బండి బాగైన పిదపను అదే తడబాటు కనబడినచో, ఇక విశ్రాంతి కావలసినది బండికి కాదని తండ్రి తానే గ్రహించును. ఆ మాట ఆయన నోటనే వచ్చునట్లు చూచుట ఉభయులకును మర్యాద.