వార్తల్లో పదం: రక్తనింద

యూదులు పండుగ కోసం క్రైస్తవ పిల్లల్ని చంపి రక్తం వాడుకుంటారన్న పచ్చి అబద్ధమే రక్తనింద. రక్తం తినకూడదన్నది యూదుల ధర్మశాస్త్రం. మాంసంలోని నెత్తుటిని ఉప్పు పట్టించి తీసేశాకే వండుకునేవాళ్ల మీద ఇంత ఘోరమైన నింద!

1144లో ఇంగ్లండ్‌లోని నార్విచ్‌లో విలియం అనే బాలుడి శవం దొరికింది. కొన్నేళ్లకు థామస్ అనే క్రైస్తవ సన్యాసి ఆ హత్యను యూదులకు అంటగడుతూ పుస్తకం రాశాడు. అందులో ఉన్నది శిలువ వేశారన్న కథే. రక్తం మాట 1235లో జర్మనీలోని ఫుల్డాలో వచ్చి చేరింది. ముప్పై మందికి పైగా యూదులను చంపేశారు. 1247లో పోప్ నాలుగో ఇన్నోసెంట్ ఖండించినా ప్రచారం ఆగలేదు. 1475లో నేటి ఇటలీలోని ట్రెంట్‌లో యూదులను చిత్రహింసలు పెట్టి ఇదే నేరం ఒప్పించారు. అప్పటికి కొత్తదైన అచ్చుయంత్రం ఆ కథను బొమ్మలతో సహా ఊరూరా చేర్చింది.

1840లో ఈ నింద డమాస్కస్‌కూ పాకింది. 1934లో నాజీ పత్రిక డెర్ స్టుర్మర్ దీనిపై ప్రత్యేక సంచికే వేసింది. నాజీలు ఓడిపోయాక కూడా, 1946లో పోలండ్‌లోని కీల్సెలో, తనను ఎత్తుకెళ్లారని ఓ పిల్లాడు చెప్పిన అబద్ధానికి 42 మంది యూదులు బలయ్యారు. వాళ్లలో చాలామంది నాజీల ఊచకోత నుంచి ప్రాణాలతో బయటపడి వచ్చినవాళ్లు!

ఇప్పుడు క్యూఅనాన్ అనే కుట్ర సిద్ధాంతం ప్రచారంలో పిల్లల రక్తం తాగేది ‘పెద్దలు’. యూదుల పేరు ఎత్తకుండానే పాత కథ నడుస్తోంది.