బ్రాంచి పేరులో ‘డేటా’ ఉంటే సరిపోతుందా?

ఎప్‌సెట్ ర్యాంకులు వచ్చి కౌన్సెలింగ్ తేదీలు పడ్డాయంటే పోచంపల్లిలో మగ్గమున్న ఇండ్లలోనూ ఇదే చర్చ. ‘‘సీఎస్‌డీ పెట్టాల్నా, సీఎస్‌ఎం పెట్టాల్నా? ఉత్త సీఎస్‌ఈ అయితే రేపు నౌకరీ దొరుకుతదా?’’ వెబ్ ఆప్షన్లకు గడువు కొద్ది రోజులే. హైదరాబాద్ యాభై కిలోమీటర్ల లోపే ఉన్నా, ఈ కోడ్‌ల వెనక ఏముందో విడమరిచి చెప్పే మనిషి మాత్రం అంత దగ్గరలో దొరకడు.

సీఎస్‌డీ అంటే కంప్యూటర్ సైన్స్‌లో డేటా సైన్స్, సీఎస్‌ఎం అంటే ఏఐ, మెషీన్ లెర్నింగ్. ఐఐటీ హైదరాబాద్ 2019లో దేశంలోనే మొదటిసారిగా ఏఐలో బీటెక్ పెట్టింది. ఆ మరుసటి ఏడాది నుంచి మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఈ కొత్త బ్రాంచిలు వరసగా వచ్చాయి. మొదటి రెండేళ్ల పాఠాలు చాలావరకు మామూలు సీఎస్‌ఈవే. అందుకే కాలేజీ బాగున్న సీఎస్‌ఈ సీటు వదులుకుని, పేరులో డేటా ఉందని అంతంతమాత్రం కాలేజీకి పోవడం నష్టమని నా గట్టి అభిప్రాయం.

మరి చూడాల్సింది ఏమిటి? గేట్ పరీక్షలో 2024 నుంచి డేటా సైన్స్, ఏఐకి ప్రత్యేకంగా ఒక పేపరు పెట్టారు. దాని సిలబస్‌లో ఏడు భాగాలు. మొదటి మూడూ గణితమే: సంభావ్యత-స్టాటిస్టిక్స్, లీనియర్ ఆల్జీబ్రా, కలనం. ఆ తర్వాతే ప్రోగ్రామింగ్, డేటాబేస్, మెషీన్ లెర్నింగ్, ఏఐ. ఈ చదువుకు వేర్లు ఎక్కడున్నాయో ఆ వరుసే చెబుతోంది.

ఆ వేర్లు ఇంటర్ ఎంపీసీ పిల్లలకు కొత్తవేం కావు. మాత్రికలు మొదటి ఏడాది 1ఏలోనే వచ్చాయి, గరిష్ఠ కనిష్ఠ విలువలు 1బీలో. రెండో ఏడాది 2ఏలో విస్తరణ కొలతలు, సంభావ్యత, యాదృచ్ఛిక చలరాశులు వరసగా ఉంటాయి. వీటిలో ఎన్నింటిని ‘వెయిటేజీ తక్కువ’ అని పైపైన దాటించేస్తున్నామో తలుచుకుంటే బాధేస్తుంది. విచలనం ఎందుకు లెక్కగడతారో అర్థంకాని పిల్లకు, పైథాన్‌లో ఒక్క లైను రాస్తే ఆ సంఖ్య వచ్చేస్తుంది. దాన్ని నమ్మాలా వద్దా అన్నది మాత్రం ఆ లైను చెప్పదు.

పోచంపల్లి వాళ్లకు ఈ మాట ఇంకోలా చెప్పొచ్చు. ఇక్కత్ డిజైను మగ్గం మీద పుట్టదు. గ్రాఫ్ కాగితం మీద గడి గడికీ లెక్క వేసి, ఆసు పోసి, నూలుకు చిటికి కట్టి, రంగులో ముంచేటప్పుడే అది ఖాయమైపోతుంది. కట్టుడులో తప్పిన గడిని నేసేటప్పుడు సరిచేయలేం. మెషీన్ లెర్నింగ్‌కు ముందు చదివే గణితం, స్టాటిస్టిక్స్ ఆ చిటికి కట్టుడు లాంటివి.

ఈ దారిలో మనకు ముందు నడిచిన మనిషి ఉన్నారు. కల్యంపూడి రాధాకృష్ణారావు, ప్రపంచానికి సి.ఆర్.రావు, 1920లో తెలుగు కుటుంబంలో ఎనిమిదో సంతానంగా పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో ఎంఏ చేశారు. ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు, అది దొరకలేదు. 1941లో అక్కడి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణకు చేరారు. ఆయన పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి అడిగిన ప్రశ్నకు జవాబు వెతుకుతూ 1945 నాటి వ్యాసానికి బీజం వేశారు. మన దగ్గరున్న సమాచారంతో ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో, అంతకు మించి ఎందుకు ఉండలేదో ఆ వ్యాసం తేల్చింది. దాన్నే క్రామర్-రావు హద్దు అంటారు. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకుని, అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. ఆయన చదివే రోజుల్లో డేటా సైన్స్ అనే డిగ్రీయే లేదు. ఇవాళ డేటా సైన్స్ చదివే ప్రతి పిల్లా ఆయన సూత్రం ముందు ఆగక తప్పదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలో ఆయన పేరిట ఒక పరిశోధన సంస్థ ఉంది.

అందుకే బీఎస్సీ మాట గట్టిగా ఎత్తుతున్నాను. డిగ్రీ ప్రవేశాల ‘దోస్త్’లో మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్ అని ఒక గ్రూపు ఉంటుంది. ఇంజినీరింగ్ సీటు రానివాళ్లు, దూరం పంపలేమని ఇంట్లో అన్న ఆడపిల్లలు చేరే గ్రూపుగానే దాన్ని చూస్తున్నాం. నిజానికి డేటా సైన్స్‌కు కావలసిన మూడూ మూడేళ్లపాటు ఒక్కచోట నేర్పే చదువు అదే. బీఎస్సీ డేటా సైన్స్ అని పేరు పెట్టుకున్న కోర్సుల్లో చేరేముందు స్టాటిస్టిక్స్ పేపర్లు ఎన్ని ఉన్నాయో, ఆ సబ్జెక్టుకు సొంత లెక్చరర్ ఉన్నారా లేక గణితం సారే సర్దుతున్నారా అని అడగాలి. ల్యాబ్‌లో పిల్లలు ఎలాంటి డేటాతో పనిచేస్తున్నారో సీనియర్లనే అడిగితే ఇంకా మేలు.

ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ బీఎస్ డిగ్రీ ఇంకో దారి. దీనికి జేఈఈ అక్కర్లేదు. నాలుగు వారాల పాఠాలు చదివి అర్హత పరీక్ష గట్టెక్కితే చాలు. ఫౌండేషన్‌లోని ఎనిమిది కోర్సుల్లో నాలుగు గణితం, స్టాటిస్టిక్సే. కుటుంబ ఆదాయాన్ని, సామాజిక వర్గాన్ని బట్టి ఫీజులో రాయితీ ఉంది. రెండు డిగ్రీలు ఒకేసారి చదవడానికి యూజీసీ 2022లో అనుమతించింది కాబట్టి భువనగిరిలోనో నల్లగొండలోనో డిగ్రీ చదువుతూనే దీన్నీ నడుపుకోవచ్చు. పాఠాలు ఇంట్లోనే వినొచ్చు గానీ పరీక్షలు మాత్రం కేంద్రానికి వెళ్లి రాయాలి.

కంప్యూటర్ సైన్సే చదవాలని కూడా లేదు. మర్రిగూడ, నాంపల్లి మండలాల బోరునీళ్లలోని ఫ్లోరైడ్ ఎన్ని తరాల ఎముకలను వంచిందో నల్లగొండ జిల్లాకు తెలుసు. పటిక, సున్నంతో ఆ నీటిని శుద్ధిచేసే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ పెట్టిన పేరు ‘నల్లగొండ టెక్నిక్’. ఏ ఊళ్లో, ఏ లోతున, ఏ కాలంలో ఫ్లోరైడ్ పెరుగుతుందో తేల్చడం డేటా పనే. ఆ పనిలో రాళ్ల గురించి, నీళ్ల గురించి ఏమీ తెలియని ప్రోగ్రామర్ కంటే, స్టాటిస్టిక్స్ వచ్చిన జియాలజీ విద్యార్థి చాలా ముందుంటారు. ఎకనామిక్స్, వ్యవసాయం, ఫార్మసీ చదివేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. చదివే సబ్జెక్టుకు స్టాటిస్టిక్స్ తోడైతే తలుపు తెరుచుకుంటుంది.

డిగ్రీ తర్వాత ఏమిటన్నది చేరేముందే తెలిసి ఉండాలి. ఉస్మానియా లాంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఎంఎస్సీ స్టాటిస్టిక్స్‌కు సీపీగెట్ రాయాలి. ఐఐటీలకైతే జామ్. అందులో మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్‌కు విడిగా పేపరు ఉంది, డిగ్రీ ఆఖరి ఏడాదిలోనే రాయొచ్చు. జామ్ దరఖాస్తులు సాధారణంగా సెప్టెంబరులో మొదలవుతాయి, పరీక్ష ఫిబ్రవరిలో. అంటే ఈ ఏడాది బీఎస్సీలో చేరే పిల్ల రెండో ఏడాది సెలవుల నుంచే పాత ప్రశ్నపత్రాలు ముందేసుకోవాలి. అవి జామ్ వెబ్‌సైట్‌లోనే ఉచితంగా దొరుకుతాయి.